గొడుగు వైపు సముద్రం

భిలాయి, సెక్టార్ 4
8 జూలై 1987

అప్పకు,

వరహాలు నమస్కారం చేసి రాస్తోంది. మేమందరం బాగున్నాం. నీ మోకాళ్ళ నొప్పులెలా ఉన్నాయో మరదలు జోగమ్మనడిగి తెలుసుకోవలసిందే గాని నువ్వు రాయవు.

ముందు మంచి కబురు. మీ మరిదికి విశాఖ ఉక్కు ఫ్యాక్టరీలో ఉద్యోగం దాదాపు ఖాయమైంది. ఇక్కడ క్రేన్ నడిపిన అనుభవం ఉన్నవాళ్ళని అక్కడ పిలిచి మరీ తీసుకుంటున్నారట. ఉక్కునగరంలో క్వార్టరిస్తారు. పెళ్ళై వచ్చినప్పట్నుంచీ ఈ ఎర్రదుమ్ములోనే ఉన్నాను. ఆరేసిన తెల్లచీర సాయంత్రానికి ఇటుకరంగుకి తిరుగుతుంది. పదేళ్ళు అత్తగారు పక్షవాతంతో మంచాన ఉండిపోయారు, నేను ఊరు కదల్లేదు. ఏటా ఎండాకాలంలో నువ్వే వచ్చి పోయావు. ఇప్పుడావిడ కూడా వెళ్ళిపోయారు. ఇక నేనే వస్తాను.

రెండోది నీ నాగమణి పని. బళ్ళో వ్యాసం రాయమన్నారట, మన దేశంలో నీకు బాగా నచ్చిన ప్రకృతి దృశ్యం ఏది అని. పిల్లలంతా కేలండర్లు ముందేసుకుని కాశ్మీరం మీదా ఊటీ మీదా రాసేస్తున్నారు. ఇది మాత్రం "నాను సూడని ఊరు గురించి నానెందుకు రాయాల? పెద్దమ్మనడుగు" అని కూర్చుంది. చూశావా, పుట్టింది ఇక్కడైనా మాట మనదే. చంకలో పిల్లగా ఉన్నప్పుడు తప్ప అది మన ఊరు చూడలేదు. నీకు నచ్చినవి నాలుగు రాసి పంపు. హిందీలోకి అదే మార్చుకుంటుంది.

నువ్వేం రాస్తావో నాకు తెలుసనుకో. మన నీలం కిటికీ. నాన్న హార్బర్లో ఓడలకి వేయగా మిగిలిన రంగు తెచ్చి వేశాడే, అది. అమ్మ పోయాక నన్నూ సూరినీ ఆ గట్టు మీద కూర్చోబెట్టి తరవాణి అన్నం పెట్టేదానివి. ఓడ కనబడితే ఒక ముద్ద. ఓడ రాకపోతే పడవకి ముద్ద. సూరి దొంగవెధవ, తెల్లటి కెరటాన్ని చూపించి కూడా నోరు తెరిచేవాడు.

జోగమ్మని అడిగానని చెప్పు.

వరహాలు


విశాఖపట్నం, వన్ టౌన్
20 జూలై 1987

చి. సౌ. వరహాలుకు అప్ప ఆశీస్సులు.

ఉత్తరం అందింది. అప్పన్నస్వామి దయవల్ల శ్రీరామ్మూర్తికి ఉద్యోగం కుదిరితే సంతోషం. మోకాళ్ళు పరవాలేదు. జోగమ్మ బాగుంది. హార్బర్ పక్క బళ్ళో ఆయా పనికి రోజూ వెళ్తోంది.

నాగమణికి రాస్తున్నాను.

అరకు పోయే రైలు సొరంగాల్లోంచి పోతుంది. చీకట్లోంచి బయటపడగానే ఒక పక్క లోయ. మళ్ళీ చీకటి. కళ్ళు మూసి తెరిచినట్టుంటుంది. కార్తీకంలో వెళ్తే కొండవాలంతా వలిసెపూలు పసుపు ఆరబోసినట్టుంటాయి.

అనకాపల్లి అవతల కొండకర్ల ఆవ ఉంది. తాటిదోనెల మీద తీసుకెళ్తారు. తామరాకుల మధ్య దారి చేసుకుంటూ పోవాలి. ఆ నీళ్ళు కదలవు. చప్పుడు చెయ్యవు. నాకది బాగుంటుంది.

సింహాచలం మెట్లెక్కేటప్పుడు సగం దూరంలో ఆగి వెనక్కి తిరిగితే అనాసతోటలు, సంపెంగచెట్లు, కింద చిన్నచిన్న ఊళ్ళు. వాన వెలిసిన పూట వెళ్ళాలి.

ఇవి చాలనుకుంటాను. పిల్లని బాగా చదువుకోమను.

గౌరీశ్వరి


భిలాయి
11 ఆగస్టు 1987

అప్పకు,

నీ ఉత్తరం నాగమణి రెండుసార్లు చదివింది. చదివి, "అమ్మా, పెద్దమ్మ ఇల్లు సముద్రం ఒడ్డు మీదే గదా. సముద్రం ఏదీ?" అంది. నేనూ తిరగేసి చూశాను. నిజమే, ఎక్కడో కొండల్లో ఉన్న వలిసెపూలు రాశావు. అనకాపల్లి దాటి వెళ్ళి చెరువు రాశావు. ఇంట్లో నిలబడితే కనబడేదాన్ని ఒక్క ముక్క రాయలేదు.

సూరి గుర్తొచ్చి రాయలేకపోయావని అనుకున్నాను. నాకూ గుర్తొస్తాడు. చదువబ్బక ఇంజన్ల పని నేర్చుకుని ఫిషింగ్ హార్బర్‌లో మరబోటు డ్రైవరయ్యాడు. మన ఇంటా వంటా లేని పని, వద్దురా అని నాన్న మొత్తుకున్నాడు. వాడు వింటేనా. బోటెక్కిన మొదటి నెలలోనే వచ్చి ఏమన్నాడో గుర్తుందా? "అప్పా, మన కిటికీ సంద్రంలోకి కనపడతాది. నువ్వు తలదువ్వుకున్నా కనపడతాది. జడేసుకోకుండా నిలబడకు, బోట్లో మావోలు జడుసుకుంతన్నారు." నువ్వు నమ్మలేదు. గరిటె పట్టుకుని వెంటబడ్డావు.

అప్పా, ఇప్పుడొక మాట రాస్తాను. కోప్పడకు. మా అత్తగారి మాసికానికి వచ్చిన పంతులుగారు మాటల్లో మీ మరిదిని అడిగారు, మీ బావమరిది సంగతేం చేశారని. తుఫాన్లో వాడి బోటు తిరిగి రాకపోవడం, శవం దొరక్కపోవడం ఈయన చెప్పారు. అలాంటప్పుడు పన్నెండేళ్ళు చూస్తారట. ఆ తరవాత దర్భలతో బొమ్మ చేసి దహనం చేసి, కర్మ చేయించాలట. లేకపోతే ఆ జీవుడికి దారి ఉండదన్నారు. ఈ కార్తీకానికి పన్నెండేళ్ళు నిండుతాయి. వాడికి పిల్లలు లేరు కనుక మీ మరిది చేస్తానంటున్నారు.

జోగమ్మతో మాట్లాడి చూడు. నువ్వే మాట్లాడాలి. ఇంకెవరు మాట్లాడినా బాగోదు.

వరహాలు


విశాఖపట్నం
19 ఆగస్టు 1987

చి. సౌ. వరహాలుకు,

సూరికి కర్మ చేయించేది లేదు. వాడు వస్తాడు, రాడు అని నేననను. అది స్వామికి తెలుసు. చేయించేది మాత్రం లేదు.

ఈ మాట మళ్ళీ రాయకు. శ్రావణ శుక్రవారం పూజకి జోగమ్మ నీ పేరున కూడా తోరం కట్టింది. ఇందులో పెట్టి పంపుతున్నాను.

గౌరీశ్వరి


భిలాయి
24 సెప్టెంబరు 1987

అప్పకు,

రాయకు అన్నావు. నెల్లాళ్ళు రాయలేదు. ఇక ఊరుకోలేక రాస్తున్నాను.

మీ మరిది మెడికల్ పరీక్షకని విశాఖ వచ్చి మన ఇంట్లో రెండు పూటలున్నారు గదా. ఆయన మగాడు, ఇల్లు పట్టించుకోడు అనుకున్నావేమో. తిరిగొచ్చి అన్నీ చెప్పారు. నీలం కిటికీ మూసి గడియ పెట్టి ఉందట. దాని ముందు దేవుడి పీట వేశావట. రంగు పొరలు లేచిపోయి, గడియ తుప్పు పట్టి ఉందట. ఆ గదిలో గాలి ఆడక చొక్కా తడిసిపోయిందట. తలుపు తీయమని అడిగితే, "దేవుడికి గాలి తగిలితే దీపం నిలవదు బాబూ" అన్నావట.

బజారుకి నీతో నడిచారట. మబ్బు పట్టి ఎండే లేదట. అయినా గొడుగు వేసుకుని, తలమీద కాకుండా ఒక పక్కకి వాల్చి పట్టుకున్నావట. వచ్చేటప్పుడు ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చావట. వీధిలో పిల్లలు "గొడుగప్ప వత్తంది రా" అంటే నవ్వి ఊరుకున్నావట. నువ్వు గొడుగు ఏ వైపు వాల్చావో ఆయన ఇంటికొచ్చేదాకా ఆలోచించుకున్నారు. రెండుసార్లూ సముద్రం వైపే.

అప్పుడు నాకొకటి తట్టింది. ఏటా మే నెలలో ఇక్కడికొస్తావు. ఈ ఊరి ఎండకి కాకులు కూడా ఎగరవు. నువ్వు మాత్రం గొడుగు ఇంట్లో వదిలేసి మార్కెట్టంతా తిరిగేదానివి. "ఈ ఊళ్ళో నడవడం హాయిగా ఉంది వరహాలూ" అనేదానివి. నా మీద ప్రేమకొద్దీ అంటున్నావనుకున్నాను.

ఏటప్పా ఇది? నాతో చెప్పకుండా ఏం పెట్టుకున్నావు? నన్ను పెంచినదానివి. నీ దగ్గర నేను దాచిన సంగతి ఒక్కటి లేదు. ఉక్కునగరం వచ్చిన మొదటి ఆదివారం ఆ కిటికీ గట్టు మీద నీ పక్కన కూర్చుందామని ఇన్నాళ్ళూ ఎదురుచూస్తున్నాను. ఇక్కడికి వచ్చినవాళ్ళందరికీ ఆ కిటికీ గురించే చెప్పుకున్నాను. అది మూసి ఉందని నాకెవరూ చెప్పలేదు.

నిజం రాయి. లేదంటే నేనే రైలెక్కి వచ్చి ఆ గడియ తీస్తాను.

వరహాలు


విశాఖపట్నం
2 అక్టోబరు 1987, విజయదశమి

చి. సౌ. వరహాలుకు అప్ప ఆశీస్సులు.

రైలెక్కకు. చెప్తాను.

సూరి పోయిన రెండో ఏడు మన వీధివాళ్ళు కాశీ వెళ్తుంటే నేనూ వెళ్ళాను. మీ బావకి పిండం వేయడానికని నీకు చెప్పాను. అదీ నిజమే. కాశీ వెళ్ళినవాళ్ళు ఇష్టమైనది ఒకటి గంగలో వదిలి రావాలంటారు గదా. వదిలినది మళ్ళీ ముట్టకూడదు. మా పంతులుగారు అందరినీ వరసగా మెట్ల మీద నిలబెట్టి ఒక్కొక్కర్నే అడిగారు. పక్కింటి చిట్టెమ్మ కాకరకాయ వదిలేసింది. జన్మలో అది కాకరకాయ నోట పెట్టింది లేదు. గవర్రాజు మావయ్య కోపం వదిలేశానన్నాడు. తిరుగు రైల్లో టీ అమ్మేవాడితో అతను పడ్డ గొడవకి పెట్టెంతా లేచి కూర్చుంది.

నా వంతు వచ్చింది. నాకు ఇష్టమైనది ఏదని ఆలోచించాను. తిండి మీద నాకెప్పుడూ లేదు. మీ ఇద్దర్నీ వదల్లేను. ఇంకేముంది నాకు? పెళ్ళికి ముందూ, మీ బావ పోయి నేను తిరిగొచ్చాకా, పొద్దున్నే లేచి ఆ కిటికీ తెరిచేదాన్ని. ఒక్కొక్క పూట ఒక్కొక్క రంగు. వానకి ముందు బూడిదరంగు. చలికాలం ఎండలో వెండిపళ్ళెం. సూరిని అది తీసుకుపోయాక కూడా నాకు దానిమీద కోపం రాలేదు వరహాలూ. అదే నాకు భయమేసింది. తమ్ముణ్ణి మింగినదాన్ని చూసి, పొద్దున్నే, ఎంత బాగుంది అనుకున్నాను.

అందుకని దాన్నే వదిలేశాను. మూడు మునకలు వేసి, సముద్రాన్ని ఇక చూడనని చెప్పుకున్నాను. నాకున్న ఇష్టం నీకిచ్చేశాను, నా తమ్ముణ్ణి నాకియ్యి అని స్వామిని అడిగాను. పంతులుగారు ఏం వదిలారమ్మా అంటే పొట్లకాయ అన్నాను.

ఇచ్చినది వెనక్కి తీసుకుంటే, అడిగింది వద్దన్నట్టే గదా. కర్మ చేయిస్తే కూడా అంతే. అందుకే వద్దన్నాను.

సముద్రం ఒడ్డున ఉంటూ చూడకుండా ఉండటం కష్టమే. మొదట్లో రెండు మూడుసార్లు కంటపడింది. ఆ రోజుల్లో ఉపవాసం ఉన్నాను. తరవాత గొడుగు అలవాటైంది. చెవులు మూసుకోవడం కుదరదు. ఆ చప్పుడు నేను వదల్లేదు గనక వింటున్నాను.

కిటికీ ముందు దేవుణ్ణి పెట్టింది అందుకే. ఆ వైపు తిరిగి దండం పెట్టుకోవచ్చు.

ఈ సంగతి జోగమ్మకి కూడా తెలీదు. నువ్వూ ఎవరికీ చెప్పకు.

గౌరీశ్వరి


భిలాయి
10 అక్టోబరు 1987

అప్పకు,

నీ ఉత్తరం పట్టుకుని వంటింట్లో కూర్చుండిపోయాను. అన్నం మాడింది. నాగమణి వచ్చి పొయ్యి ఆపింది.

ముందు కోపమే వచ్చింది. ఆ కిటికీ నీ ఒక్కదానిదేనా? నాదీ, సూరిదీ కాదా? మమ్మల్ని అడక్కుండా ఎలా ఇచ్చేశావనుకున్నాను. తరవాత నీ వయసు లెక్కపెట్టుకుని ఏడ్చాను. పదేళ్ళు కళ్ళముందున్నదాన్ని చూడకుండా ఎలా ఉన్నావు అప్పా?

నా మాట విను. ఆ మొక్కు తీసెయ్యి. పాపమైతే నాకు రాయమని చెప్పుకో, నేను పడతాను. నువ్వు అడిగింది స్వామి ఇవ్వలేదు. ఇవ్వనప్పుడు నీది నువ్వు తెచ్చుకుంటే తప్పేముంది?

ఇంకొకటి. నువ్వు నీ మొక్కు గురించి రాశావు. సూరి గురించి రాశావు. జోగమ్మ మాట ఒక్కటీ లేదు. వాడు పోయిననాటికి అది చిన్నపిల్ల. ఇప్పుడు చెంపల దగ్గర నెరిసిందని మీ మరిది చెప్పారు. నీ ఎదురుచూపులో దాన్ని కూడా కూర్చోబెట్టావు. కూర్చుంటానని అది ఎప్పుడైనా నీతో అందా? అడిగావా?

కోపంతో రాస్తున్నది కాదు. నువ్వు నాకు నేర్పిందే, ఎదటిమనిషిని అడగాలని.

వరహాలు


విశాఖపట్నం
21 అక్టోబరు 1987

చి. సౌ. వరహాలుకు,

నువ్వు రాసింది నిజం. నేను అడగలేదు.

నిన్న సాయంత్రం అడిగాను. జోగమ్మ చేటలో బియ్యం చెరుగుతోంది. కాశీ సంగతి కూడా చెప్పేశాను. చెరగడం ఆపలేదు. అంతా విని, రాయి ఒకటి ఏరి పక్కన పడేసి అంది:

"నాకు తెల్దనుకున్నావా వదినా. కాశీ నుంచొచ్చిన రోజే కిటికీ మూసినావు. ఏటొదిలినావో సెప్పకపోతే మాత్రం తెల్దా. పొట్లకాయ కూరొండితే రెండోపాలి ఏసుకు తిన్నావు."

తనే మళ్ళీ అంది:

"పొద్దున్నే అద్దం కాడ నిలబడి బొట్టెట్టుకుంతాను గదా. అప్పుడనుకుంతాను. ఆడున్నాడని ఎట్టుకుంతన్నానా, లేడని ఎవులూ సెప్పనేదని ఎట్టుకుంతన్నానా అని. నువ్వు సంద్రం సూడకుండా ఎదురుసూత్తన్నావు. నాను రోజూ బడికెల్తా సూత్తానే ఎదురుసూత్తన్నాను. ఇద్దరికీ రానేదు. ఆడికి దారి లేకపోతే ఎలాగ వదినా? ఎక్కడని తిరగతాడు పాపం?"

తన గురించి అడిగాను. చివరికి సూరి గురించే చెప్పింది.

రాత్రంతా జపం చేసుకున్నాను. మొక్కు తియ్యను. ఇచ్చిన చెయ్యి వెనక్కి తియ్యకూడదు, అడిగింది దొరకలేదని అసలే తియ్యకూడదు. కానీ కర్మ చేయిద్దాం. కార్తీకమాసంలో, వాడు పోయిన తిథికి. శ్రీరామ్మూర్తిని రమ్మను. నువ్వూ పిల్లా రండి.

ఒకటే చిక్కు. బూడిద సముద్రంలోనే కలపాలి. వాణ్ణి నేను సాగనంపాలి గదా. ఒడ్డున ఎలా నిలబడాలో తెలియడం లేదు. స్వామి ఏదో దారి చూపిస్తాడు.

గౌరీశ్వరి


భిలాయి
2 నవంబరు 1987

అప్పకు,

నాగమణికి పచ్చకామెర్లు. భయం లేదన్నారు గాని మంచం మీంచి లేవకూడదట. నేను రాలేను. తమ్ముడికి ఆఖరి పని, చివరికి అక్కడ కూడా నేను లేను.

మీ మరిదికి రెండు రోజులే సెలవు దొరికింది. ఈ ఉత్తరం ఆయన చేతికే ఇస్తున్నాను. కళ్ళకి గంతలు కట్టుకునైనా వెళ్ళు అప్పా. నా బదులు కూడా వెళ్ళు. అక్కడ ఏం జరిగిందో, ఏం కనబడిందో, ఒక్కసారి మాత్రం పొదుపు చెయ్యకుండా రాయి.

వరహాలు


విశాఖపట్నం
16 నవంబరు 1987

చి. సౌ. వరహాలుకు, చి. నాగమణికి అప్ప ఆశీస్సులు.

పిల్లకి నయమవుతున్నదని శ్రీరామ్మూర్తి వేసిన కార్డు చూసి మనసు కుదుటపడింది. నువ్వడిగినట్టే రాస్తాను. నాకు ఎక్కువ రాయడం చేతకాదు. తప్పులుంటే సర్దుకో.

ఆ రోజు తెల్లవారకముందే జోగమ్మ తలంటుకుని వచ్చి నిలబడింది. బొట్టు పెట్టుకోలేదు. గాజులు తీసి పళ్ళెంలో పెట్టి తెచ్చింది. నన్ను ఏమీ చెయ్యనివ్వలేదు, ఏడవలేదు. పంతులుగారు బొట్టూ గాజులూ తీసే పని గురించి అడిగితే అయిపోయిందన్నాను. చుట్టుపక్కలవాళ్ళెవరినీ పిలవలేదు.

దర్భబొమ్మకి శ్రీరామ్మూర్తి తన చొక్కా ఒకటి చుట్టాడు. సూరివేవీ మిగల్లేదు గదా. కాలడానికి ఎంతోసేపు పట్టలేదు. బూడిద ముంతలోకి ఎత్తి గుడ్డ కట్టాం.

హార్బర్లో పైడయ్య బోటు సిద్ధం చేసి ఉంచాడు. నీకు గుర్తుండాలి, సూరి పనిచేసిన బోటుకి మొదట్లో పెద్ద, సరంగు. కాలు విరిగి ఆ వారం వేటకి వెళ్ళక బతికిపోయాడు. నేనూ వస్తానంటే తల గోక్కున్నాడు. "ఆడోలు బోటెక్కరమ్మా" అన్నాడు. మళ్ళీ తనే, "ఏటకెల్లడం నేదు గదా, ఎక్కు" అన్నాడు. గొడుగు కళ్ళకడ్డం పెట్టుకుని బోటెక్కే పలక మీద అడుగేశాను. ఒక చెయ్యి శ్రీరామ్మూర్తి పట్టుకున్నాడు. జోగమ్మ రాలేదు. "నాను ఇంటికాడ ఉంతాను వదినా, నువ్వెల్లిరా" అంది.

సముద్రం చూడకూడదని పైడయ్యకి చెప్పాల్సి వచ్చింది. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

"ఎనక్కి తిరిగి కూసో అమ్మా. మేవూ అంతే. సంద్రంలో దారి సంద్రం మీద ఉండదు, కొండల మీద ఉంటాది. ఒడ్డు ఏపు సూసుకునే ఎక్కడున్నామో తెల్సుకుంతాం."

వెనకభాగంలో ఒడ్డు వైపు తిరిగి కూర్చున్నాను. గొడుగు వెనక్కి, వీపు మీదకి వాల్చుకున్నాను. బోటు కదిలింది. బోటు పక్క నీళ్ళు కంటపడకుండా చూపు పైకే ఉంచాను.

ఇది నాగమణికి చదివి వినిపించు.

పొద్దు నా వీపు వైపున ఉంది. వెలుగంతా ఊరి ముఖం మీద పడింది. ఎడమ చేతి వైపు యారాడ కొండ, నీళ్ళ మీదకి తల చాచి పడుకున్నట్టు. పైన లైట్‌హౌసు. ఇటు రాస్‌హిల్ వరసలో మూడు గుట్టలు, ఒకదాని మీద చర్చి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద గుడి. మనం పుట్టి పెరిగింది వాటి కిందే. మూడూ ఒక్కచోట నిలబడి ఎవరినో సాగనంపుతున్నట్టుంటాయని ఎప్పుడూ తెలీదు. బోటు దూరం పోయినకొద్దీ దగ్గరి గుట్టలు కిందికి కుంగి, వాటి వెనక నుంచి సింహాచలం కొండ లేచింది. దాని వెనక ఇంకో వరస, దాని వెనక ఇంకోటి, పొగ రంగులో. ఊళ్ళో ఉన్నంతకాలం ఇన్ని కొండల ముందున్నామని నాకు తెలీదమ్మా. దూరం పోతేనే కనబడతాయి.

కెరటం ఊపు తెలుస్తోంది. ఉప్పు పెదాల మీద తెలుస్తోంది. చూడకుండా ఎంత తెలియాలో అంతా తెలిసింది.

పైడయ్య నా వెనక నిలబడి గురుతులు చెప్పాడు. ప్రతి బోటువాడికీ తనవంటూ కొన్ని ఉంటాయట. "మా సూరిది అదుగో, ఆ గుట్ట వాలు. ఆ పక్కన మీ ఇంటి నీలం కిటికీ. దానికీ లైట్‌హౌసుకీ సరిసూసుకుని తిరిగేవోడు. మా అప్ప జడేసుకుంతంది రా, పొద్దెక్కింది, పదండి అనేవోడు."

అప్పుడు చూశాను. అన్ని ఇళ్ళ మధ్య మన ఇల్లు. గోడ తెల్లగా ఉంది. గోడ మధ్య మూసిన కిటికీ, నీలమని తెలిసిన కళ్ళకే నీలం. వాడు అబద్ధం చెప్పలేదు వరహాలూ. నేను గరిటె పట్టుకుని వెంటబడ్డాను.

శ్రీరామ్మూర్తి ముంత వదిలాడు. ఆ చప్పుడు విన్నాను. చూడలేదు. నా కళ్ళు కిటికీ మీదే ఉన్నాయి. నేను చూస్తుండగా ఆ నీలం మధ్యలో నల్లగా గీత పడింది. గీత వెడల్పయింది. తలుపులు రెండూ గోడకి కొట్టుకున్నాయి. అంత దూరానికి చప్పుడు రాదు గాని నాకు వినబడినట్టే ఉంది. కిటికీలో జోగమ్మ వచ్చి నిలబడింది. ముఖం తెలియలేదు. చీర తెలిసింది. తల విరబోసుకుని ఉంది.

చెయ్యెత్తలేదు. అలాగే నిలబడింది. బోటు తిరిగి ఒడ్డు వైపు వచ్చేదాకా అక్కడే ఉంది. తిరుగు ప్రయాణంలో నేను ముందుకి వచ్చి కూర్చున్నాను. ఒడ్డు మళ్ళీ నా ఎదురుగానే ఉంది. కొండలు ఒక్కొక్కటే ముందువాటి వెనక దాక్కున్నాయి.

ఇంటికొచ్చేసరికి దేవుడి పీట ఎదుటి గోడకి మారిపోయి ఉంది. గడియ ఊడిపోయి నేల మీద పడి ఉంది. నేను గొడుగు చాటు చేసుకుని గుమ్మంలోనే నిలబడ్డాను. జోగమ్మ వచ్చి గొడుగు తీసుకుని మడిచి మూల పెట్టింది. నా భుజాలు పట్టి దేవుడి వైపు తిప్పింది.

"నువ్వు బోట్లో కనపడ్డావు వదినా. నల్ల గొడుగు, దాని ముందు నువ్వు. ఆడు ఇటు సూసేటప్పుడు నానూ అలాగే కనపడేదాన్నేమో. ఇంక మూయొద్దు. సూడనని మొక్కినావు గాని, కనపడనని మొక్కినేదు గదా."

ఆలోచించి చూశాను. మొక్కలేదు. పంతులుగారినడిగితే ఆయనా తప్పు లేదన్నారు.

శ్రీరామ్మూర్తి ఆ సాయంత్రమే బండెక్కాడు. నువ్వు ఉక్కునగరం వచ్చాక ఆ గట్టు మీద కూర్చో. నీ పక్కన కూర్చోలేను. ఎదురుగా, నీ వైపు తిరిగి కూర్చుంటాను. ఓడ వస్తే చెప్పు.

నాగమణి వ్యాసానికి ఆలస్యమైపోయింది. అయినా దాని దగ్గర ఉంచుకోమను.

ఇప్పుడు దేవుడి ఎదుట కూర్చుని రాస్తున్నాను. కిటికీ నా వెనక తెరిచి ఉంది. గాలికి దీపం నిలవడం లేదు. ఆరినప్పుడల్లా జోగమ్మ వచ్చి వెలిగిస్తోంది.

అప్ప